చీకటి గదిలో పాఠం జరిగింది

నా చూపు తగ్గిన సంగతి నాకంటే ముందు మా బడిలో తొమ్మిదో తరగతి బి సెక్షన్‌కు తెలిసింది. అర్ధసంవత్సర పరీక్షల మార్కులు రిజిస్టరులో ఎక్కిస్తూ అరవై ఆరు వచ్చిన అమ్మాయికి ఎనభై ఆరు వేశాను. ముప్పై ఎనిమిది వచ్చిన అబ్బాయికి ముప్పై మూడు వేశాను. అమ్మాయి ఏమీ అనలేదు. అబ్బాయి పేపరు పట్టుకుని స్టాఫ్‌రూముకు వచ్చాడు.

"సార్, నా ఎనిమిదిని సగం కోసిన్రు," అన్నాడు.

హెడ్‌మిస్ట్రెస్ పద్మ గారు పేపరునూ, రిజిస్టరునూ, నన్నూ మార్చి మార్చి చూశారు. "హైవే మీది యూనివర్సిటీల కండ్లు ఊరికెనే సూస్తున్నరంట సుధాకర్ సార్. జర పోయి రండి," అన్నారు.

సూర్యాపేటకూ కోదాడకూ మధ్య, హైవే పక్కన ఉంది ఆ ప్రైవేటు విశ్వవిద్యాలయం. మొదట అది ఇంజనీరింగ్ కాలేజీ. మెకానికల్‌లో సీట్లు నిండని సంవత్సరం ఆ శాఖను మూసి, దాని స్థానంలో ఆప్టోమెట్రీ తెరిచారు. కళ్ళు పరీక్షించి అద్దాల నంబరు తేల్చే నాలుగేళ్ళ చదువు అది. భవనం మారలేదు, బల్లలు మారలేదు, డీన్ కూడా మారలేదు. ప్రొఫెసర్ రాందాస్ గారు ఇరవై రెండేళ్ళు లేత్ మిషన్ గురించి పాఠం చెప్పారు. ఇప్పుడు అంతే ధైర్యంగా కనుగుడ్డు గురించి చెబుతున్నారు. బోర్డు మీద ఆయన గీసే కంటికి కనుబొమ్మ కూడా ఉంటుందని విద్యార్థులు తర్వాత చెప్పారు.

పరీక్ష గది పాత వర్క్‌షాపులో ఉంది. కిటికీలు లేవని దాన్ని ఎంచుకున్నారు. తలుపు మీద 'మెకానికల్ వర్క్‌షాప్ - 2' అన్న పలక అలాగే ఉంది. నేలలో పాతిన లేత్ మిషన్ దిమ్మె ఒకటి ఎవరు లాగినా రాకపోవడంతో దాన్నీ ఉంచేశారు.

నేను వెళ్ళింది ఒక గురువారం సాయంత్రం, బడి అయ్యాక. వరుసలో నా ముందు మాడుగులపల్లి ముసలమ్మ ఒకామె కూర్చుంది. పేరు ఈదమ్మ. విశ్వవిద్యాలయానికి రోజుకు ఇంతమంది రోగులు కావాలని నిబంధన ఉందట. అందుకని బస్సు ఊళ్ళు తిరిగి మనుషులను తీసుకొస్తుంది, పులిహోర పెట్టి మళ్ళీ దింపుతుంది. ఈదమ్మ రావడం అది పదకొండోసారి.

"నీకు మొదటిసారా సారూ?" అంది నన్ను చూసి.

"అవునమ్మా."

"భయపడకు. గీ పోరగాండ్లకు సగం నేర్పింది నేనే."

లోపల కళ్యాణి గారు ఉన్నారు. కోదాడ అమ్మాయి, ముప్పై దాటి ఉంటాయి. ఆమె ఉద్యోగం పేరు క్లినికల్ ట్యూటర్. అంటే తరగతిలో కాకుండా, రోగి ఎదురుగా, రోగి కన్ను చూపిస్తూ విద్యార్థులకు నేర్పే పంతులమ్మ. ఆమె పక్కన హుజూర్‌నగర్ నుంచి వచ్చిన అక్షిత అనే మూడో సంవత్సరం విద్యార్థిని ఫారం పట్టుకుని నిలబడింది. పేరు, వయసు, వృత్తి, వచ్చిన ఇబ్బంది అడిగి రాసుకుంది. మార్కుల సంగతి చెప్పాను. ఇంట్లో ఎంతమంది అని అడిగింది.

"ఇద్దరం," అన్నాను. ఆ తర్వాత, "ఒక్కణ్ణి," అన్నాను.

ఆ అమ్మాయి రెండూ రాసి ఒకటి కొట్టేసింది. ఏది కొట్టేసిందో నాకు కనిపించలేదు.

"అక్షితా, ఫారం పక్కన పెట్టు," అన్నారు కళ్యాణి గారు. "సార్‌ను అడుగు, ఇప్పటిదాకా ఎలా నడిచిందని."

"ఏం నడిచింది మేడం?"

"దగ్గర చూపు ఇంత తగ్గిన మనిషి మొన్నటిదాకా మార్కులు ఎక్కించాడంటే ఎలాగో ఒకలా నడిచి ఉంటుంది గదా. అది అడక్కుండా నంబరు తీస్తే ఒట్టి నంబరే దొరుకుద్ది."

లైట్లు తీసేశారు. ఆ పరీక్ష చీకట్లోనే చేయాలట. గది పూర్తిగా నల్లబడింది.

"ఇప్పటిదాంక ఎట్ల నడిచింది సార్?" అంది అక్షిత గొంతు.

నేను ఆలోచించాను. మా ఇంట్లో మార్కులు ఎక్కించే పద్ధతి ఒకటుంది. నా భార్య అరుంధతి పేపర్లు ఒడిలో పెట్టుకుని అంకె పైకి చదివేది, నేను రాసేవాణ్ణి. పందొమ్మిదేళ్ళు అలా జరిగింది. చివరి నాలుగైదేళ్ళుగా ఆమె పెళ్ళిపత్రికలు, మందు సీసాల మీద తేదీలు, పేపర్లో చిన్న వార్తలు కూడా పైకి చదివేది. అది ఆమె అలవాటనుకున్నాను. నాకు కనిపించడం లేదని ఆమెకు తెలుసేమో అన్న ఆలోచన ఆ చీకట్లోనే మొదటిసారి వచ్చింది. ఆమె కార్తీక మాసంలో పోయింది. అడగడానికి లేదు.

"మా ఇంట్లో చదివే మనిషి ఉండేది," అన్నాను.

అక్షిత కలం మూత తీసిన చప్పుడు వినిపించింది.

"ఇది రాయొద్దు. గుర్తుపెట్టుకో," అన్నారు కళ్యాణి గారు. "ఇప్పుడు చూడు. కుడి కన్ను."

అక్షిత చేతిలో సన్నని గీతలాంటి వెలుగు వెలిగింది. టార్చిలాంటి ఆ పరికరాన్ని రెటినోస్కోప్ అంటారు. ఆ వెలుగు కంటి లోపలికి వెళ్ళి ఎర్రగా తిరిగి వస్తుందట. అది కదిలే తీరును బట్టి, రోగి ఏమీ చెప్పకుండానే, నంబరు తెలిసిపోతుందట.

"ఎటు కదుల్తోంది?"

"నేను కదిపిన దిక్కే పోతున్నది మేడం."

"అయితే?"

"ప్లస్."

"ఎంత?"

అక్షిత ఒక అద్దం పెట్టింది, తీసింది, ఇంకోటి పెట్టింది. అంతలో కళ్యాణి గారి జేబులోంచి అంబులెన్స్ వచ్చినట్టు మోత మొదలైంది. ఆమె ఫోను బయటికి తీయలేదు. కోటు మీద చెయ్యి వేసి అదిమి పట్టుకున్నారు.

"అగో, మల్ల మొత్తుకుంటున్నది," అంది తన పరీక్ష అయిపోయి తలుపు అవతల బస్సు కోసం కూర్చున్న ఈదమ్మ.

"ఏమిటమ్మా అది?" అన్నాను.

"నేను పాఠం చెబుతున్నానా లేదా అని యాప్ అడుగుతోంది సార్. గంటకు మూడుసార్లు అడుగుద్ది, దానికి తోచినప్పుడు. రెండు నిమిషాల్లో ఫొటో పెట్టాలి. అందులో టీచరు ముఖం, స్టూడెంటు ముఖం, బోర్డు, మూడూ కనపడాలి."

"చీకట్లో ఎలా?"

"అదే సార్. ఫ్లాష్ వేస్తే చుక్కలమందు వేసిన పేషంటు కళ్ళు పట్టుకుని కూర్చుంటాడు. లైటేస్తే ఈ పిల్లకు నేర్పిందంతా పోయిద్ది. అందుకని అట్టాగే తీసి పెడతన్నా. నల్లగా వస్తన్నాయి."

మా బడిలోనూ ముఖం చూసి హాజరు వేసే యాప్ ఉంది. కర్మకాండలు అయ్యాక నేను బడికి వెళ్ళిన రోజు అది నన్ను గుర్తుపట్టలేదు. మరునాడు గడ్డం తీసి వెళితే గుర్తుపట్టింది. అందువల్ల ఆమె చెప్పింది నాకు త్వరగా అర్థమైంది.

అద్దాలు తీసుకోవడానికి మరో గురువారం వెళ్ళినప్పుడు మిగతా సంగతి తెలిసింది. జూన్‌తో కళ్యాణి గారి మూడేళ్ళ ప్రొబేషన్ ముగుస్తుంది. ఉద్యోగం ఖాయం చేసి అసిస్టెంట్ ప్రొఫెసర్‌ను చేయాలంటే ఆ ఏడాది బోధన గంటలు చూపించాలి. యాప్ లెక్కలో ఆమె బోధించిన గంటలు సున్నా. డీన్ రాందాస్ గారు రెటినోస్కోపీ గురించి ట్యూబులైటు కింద చెప్పిన పాఠాలకు నూటికి నూరు. ఆయన రెటినోస్కోప్‌ను చేత్తో పట్టుకున్నట్టు అక్షితకు గుర్తులేదు.

"ఖాయం కాకపోతే?" అని అడిగాను.

"మిర్యాలగూడలో కళ్ళజోళ్ళ షాపు వాళ్ళు రమ్మంటన్నారు సార్. ఇక్కడికన్నా ఎక్కువే ఇస్తారంట. ఫ్రేములు అమ్మాలి." ఆమె నా చెవి దగ్గర అద్దాల పుల్లను వంచి సరిచేశారు. "నాకు నేర్పడం ఇష్టం. అంతే."

సరిగ్గా అప్పుడే రాందాస్ గారు అటు వచ్చారు. నేను ప్రభుత్వ పాఠశాలలో తెలుగు పంతులునని తెలిసి చాలా సంతోషించారు.

"సార్, మీరు దేవుని లెక్క దొరికిన్రు. మా నిర్ధారణ కమిటీల సమాజ ప్రతినిధి ఒకరు ఉండాలె. పోయినసారి మా డ్రైవర్‌ను పెట్టినం, పైవాళ్ళు ఒప్పుకోలే. మీరు వచ్చి సంతకం పెడితే అయిపోతది. శాలువా ఉంటది, టీ ఉంటది."

"ఏం నిర్ధారించాలండి?"

"అవన్నీ మేం చూసుకుంటం సార్."

మే నెలలో ఆ సమావేశం జరిగింది. ఏసీ గదిలో నలుగురం కూర్చున్నాం. ఛైర్మన్ గోపయ్య గారికి మిర్యాలగూడలో రైసు మిల్లులున్నాయి. ఆ మధ్యాహ్నం కోదాడలో ఒక పెళ్ళికి వెళ్ళాల్సి ఉండి పట్టు పంచెలో వచ్చారు. ఆయన పక్కన రాందాస్ గారు, ఎదురుగా యాప్ చూసుకునే సాయికిరణ్. నా మెడలో శాలువా వేసి ఫొటో తీశారు. ఆ ఫొటో బాగా వచ్చింది.

తర్వాత నా ముందు ఒక కాగితం పెట్టారు. అది సమావేశపు మినిట్స్. ఇంకా మొదలుకాని సమావేశంలో ఎవరెవరు ఏమన్నారో అందులో టైపు చేసి ఉంది. కొత్త అద్దాలతో ప్రతి అక్షరం స్పష్టంగా కనిపించింది. అభ్యర్థిని పాఠం చెప్పినట్లు ఎటువంటి ఆధారమూ చూపలేకపోయిందని, సమాజ ప్రతినిధి ఈ విషయమై విచారం వ్యక్తం చేశారని, ఆమెను కొనసాగించరాదని సభ్యులు ఏకగ్రీవంగా తీర్మానించారని ఉంది.

"నేనింకా విచారం వ్యక్తం చేయలేదండి," అన్నాను.

"చేస్తరు గద సార్," అన్నారు రాందాస్ గారు.

కళ్యాణి గారిని పిలిచారు. సాయికిరణ్ గోడ మీద ఆమె ఫొటోలు వేసి చూపించాడు. ఒకటి నల్లగా ఉంది. తర్వాతది నల్లగా ఉంది. గోపయ్య గారు నాలుగు చూసి, "కరెంటు పోయిందా?" అని అడిగారు.

"అవే ఫొటోలు సార్. నాలుగు వందల పన్నెండు ఉన్నయ్," అన్నాడు సాయికిరణ్.

"నాలుగు వందల పన్నెండు సార్లు నువ్వు ఏం జేసినవమ్మా?"

"పాఠం చెప్పాను సార్."

"కనపడ్తలేదు గద."

"వచ్చి కూర్చుంటే కనపడుద్ది సార్. ఇరవై నిమిషాలు," అన్నారు కళ్యాణి గారు.

గోపయ్య గారు గడియారం చూసుకుని లేచారు. అందరం వర్క్‌షాపుకు నడిచాం. ఆ రోజూ బస్సు వచ్చింది కాబట్టి ఈదమ్మ ఉంది. అక్షిత ఆమెను కుర్చీలో కూర్చోబెట్టింది. గోడ మీద చదువురానివాళ్ళ కోసం పెట్టిన చార్టు ఉంది. మూడు పళ్ళ దువ్వెన లాంటి గుర్తులు, ఒక్కోటి ఒక్కో దిక్కుకు తిరిగి ఉంటాయి. పళ్ళు ఎటున్నాయో రోగి చేత్తో చూపాలి.

లైట్లు ఆరిపోయాయి. ఎవరో దేన్నో గట్టిగా తన్నుకున్న చప్పుడు, ఆ వెంటనే రాందాస్ గారి మూలుగు వినిపించాయి. లేత్ మిషన్ దిమ్మె అక్కడుందని ఆ గదిలో అందరికంటే బాగా ఆయనకే తెలియాలి.

"ఎవలు బిడ్డా గది? మెల్లగ," అంది ఈదమ్మ. ఆ వెంటనే పాఠం అప్పజెప్పే పిల్లలా మొదలుపెట్టింది. "మీదికి. కిందికి. బువ్వ తినే సెయ్యి దిక్కు. మల్ల కిందికి. గటు దిక్కు. మీదికి."

"అవ్వా, ఆగు," అంది అక్షిత. "చార్టు లైటు ఇంకా ఎయ్యలే."

గోపయ్య గారు పెద్దగా నవ్వారు. సాయికిరణ్ కూడా నవ్వాడు. అక్షిత నవ్వలేదు.

"గిన్ని సార్ల కాడికి నోటికొచ్చింది బిడ్డా," అంది ఈదమ్మ. "నేను తప్పు చెప్తే నీకు మార్కులు తగ్గుతయని."

చీకట్లో కళ్యాణి గారి గొంతు నెమ్మదిగా వినిపించింది. "అక్షితా, ఇప్పుడేం చేస్తావ్?"

"ఇన్ని రోజులు నేను రాసిందంతా తప్పు మేడం."

"అది తర్వాత ఏడుద్దాం. ఇప్పుడేం చేస్తావ్?"

వెలుగు గీత వెలిగింది. కుడి కంట్లో అది ఎర్రగా, నిండుగా తిరిగి వచ్చింది. కాస్త పక్కకు వంగితే నాకు కూడా కనిపించింది. గీత ఎడమ కంటికి మారింది. అక్షిత చాలాసేపు చూసింది.

"మేడం, ఎడమ కంట్ల వెలుగు సక్కగ వస్తలేదు. మబ్బు పట్టినట్టున్నది."

కళ్యాణి గారు వెళ్ళి చూశారు. "అవును. శుక్లం ఆపరేషన్ చేసి వేసిన లెన్సు వెనక పొర వచ్చింది. లేజరుతో పోయిద్ది. ఇప్పుడు అడగాల్సింది అడుగు."

"అవ్వా, ఇప్పటిదాంక ఎట్ల నడిచింది నీకు?"

"ఏం నడుసుడు బిడ్డా. దసరా కాడికెల్లి గా కన్ను పొగ పొగ. ఒక్క కన్నుతోనే బియ్యం ఏరుతున్న."

"మరి చెప్పలేదేంది?"

"చెప్తే ఆపరేషన్ జేసిన పెద్ద దవాఖానకు తోలుతరు. గాడ పులిహోర పెట్టరు. గాడ నన్ను ఎవలు గుర్తువడ్తరు?"

అప్పుడే కళ్యాణి గారి జేబులో మోత మొదలైంది. "ఫొటో, ఫొటో," అన్నారు రాందాస్ గారు చీకట్లోంచి. సాయికిరణ్ తన ఫోను ఎత్తి తీశాడు. తెర మీద నల్లటి చతురస్రం ఒకటి వచ్చింది.

తిరిగి ఏసీ గదిలో కూర్చున్నాం. సాయికిరణ్ ఫోను చూసి చెప్పాడు. "సార్, ఈ క్లాసు కూడా జరగలేదనే చూపిస్తున్నది."

"మేమంతా ఉన్నం గద అండ్ల," అన్నారు గోపయ్య గారు.

"యాప్‌ల లేరు సార్."

రాందాస్ గారు మోకాలు రుద్దుకుంటూ మినిట్స్ కాగితం నా ముందుకు జరిపారు. "కళ్యాణి మేడం మంచి మనిషే సార్, కాదనం. కానీ రూల్ అంటే రూల్. మీరు సంతకం పెట్టండి. భాష ఏమన్న బాగలేకుంటే తర్వాత సరిచేసుకుందం."

"తర్వాత సరిచేస్తామంటే పిల్లలకే ఒప్పుకోనండి," అన్నాను.

"అట్లంటే?"

"సభ్యుడి అభిప్రాయం వేరుగా ఉంటే కింద రాయడానికి చోటు వదిలారు కదా. రాస్తాను."

"ఆ చోటు ఎవరూ వాడరు సార్," అన్నారు రాందాస్ గారు. ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది.

నేను కలం తీసుకున్నాను. మొదట పెద్ద వాక్యం ఒకటి మనసులోకి వచ్చింది. అందులో న్యాయం, విద్య, సమాజం అన్న మాటలున్నాయి. దాన్ని వదిలేశాను. ఇలా రాశాను: 'ఈ రోజు పదకొండు గంటల పది నిమిషాల నుంచి పదకొండున్నర దాకా చీకటి గదిలో పాఠం జరిగింది. నేను అక్కడ ఉన్నాను.' కింద సంతకం పెట్టాను.

గోపయ్య గారు కాగితం తీసుకుని చేయి చాచి దూరంగా పెట్టుకుని చదివారు. ఆయనకూ అద్దాలు కావాలి.

"ఇప్పుడేమైతది రాందాసూ?"

"వేరే అభిప్రాయం ఉంటే ఏకగ్రీవం కాదు సార్. ఏకగ్రీవం కాకపోతే తీసేసుడు కుదరదు. పైకి పంపాలె. వాళ్ళు రెండేండ్లు పెట్టుకుంటరు."

"నేను పెండ్లికి పోవాలె." ఆయన కాగితం కింద పెట్టారు. "మా మిల్లుల ధాన్యం తేమ చూడాలంటే చెయ్యి పెట్టి సూస్తం. ఫొటో దీసి సూడం. సార్ గాడ ఉన్నడు, చూసిండు, రాసిండు. గిట్లనే రాయించుకోర్రి ఇగ."

ఆయన ఆ మాట కోపంతో అన్నారు. రాందాస్ గారు దాన్ని అలాగే నిబంధనగా మార్చారు. వారంలో ఉత్తర్వు వచ్చింది. ఫొటో సాధ్యం కాని బోధన గంటలకు, సమాజ ప్రతినిధి స్వయంగా గదిలో కూర్చుని పాఠం జరిగిందని రాతపూర్వకంగా ధ్రువీకరించాలి. అభ్యర్థిని ప్రొబేషన్ ఆరు నెలలు పొడిగించడమైనది. అరవై గంటలు ధ్రువీకరణ అయితే ఉద్యోగం ఖాయం. సమాజ ప్రతినిధికి శాలువా మళ్ళీ ఇవ్వబడదు.

ఈ ఉత్తర్వు పట్టుకుని కళ్యాణి గారు మొహమాటంగా మా బడికి వచ్చారు. "అరవై గంటలు సార్. మీకు పనులుంటాయి. షాపు వాళ్ళకు వస్తానని చెబుతాలెండి."

"సాయంత్రాలు నాకు పనులు లేవమ్మా," అన్నాను.

జూన్ నుంచి గురు, శనివారాలు బడి అయ్యాక కోదాడ బస్సెక్కాను. లేత్ దిమ్మె మీద దిండు వేసుకుని కూర్చునేవాణ్ణి. గంటన్నర చీకటి. తర్వాత లైటు వేసుకుని ఒక పుస్తకంలో, పాఠం జరిగింది, నేను అక్కడ ఉన్నాను, అని రాసేవాణ్ణి. ఒకే వాక్యాన్ని అన్నిసార్లు రాయడం తప్పు చేసిన పిల్లలకు మేము వేసే శిక్ష. నాకు అలా అనిపించలేదు. ఒక వారం నాకు జ్వరం వస్తే నా బదులు ఈదమ్మ సాక్షిగా కూర్చుని వేలిముద్ర వేసింది. లేజరు చేయించడానికి అక్షిత స్వయంగా ఆమె వెంట పెద్ద దవాఖానకు వెళ్ళింది. టిఫిన్ డబ్బాలో పులిహోర కూడా తీసుకెళ్ళింది. వేలిముద్ర చెల్లదని రాందాస్ గారు ఉత్తరం రాశారు. అది ఎవరి వేలిముద్రో గుర్తుపట్టడం యాప్‌కు వచ్చని సాయికిరణ్ జవాబు రాశాడు.

నవంబరులో అరవై గంటలు నిండాయి. ఖాయం చేస్తూ వచ్చిన ఉత్తర్వును కళ్యాణి గారు నాకు చూపించారు. అందులో ఆమె హోదా 'అసిస్టెంట్ ప్రొఫెసర్, మెకానికల్ వర్క్‌షాప్ - 2' అని ఉంది. ఆ గది రికార్డుల్లో ఇంకా అదేనట.

"మార్పించండి," అన్నాను.

"ఉండనీయండి సార్. మారుస్తామని తీసుకుంటే మళ్ళీ కమిటీ వేస్తారు."

ఇక నేను వెళ్ళాల్సిన అవసరం లేదు. ఆ గురువారం బడి అయ్యాక కొంతసేపు బస్టాండులో నిలబడ్డాను. కోదాడ బస్సు వచ్చింది. ఎక్కాను.

గదిలో కొత్త పిల్లలు నలుగురున్నారు. తుంగతుర్తి నుంచి వచ్చిన ఒక రైతు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. అక్షిత ఇప్పుడు నాలుగో సంవత్సరం. చిన్నవాళ్ళకు చూపించమని కళ్యాణి గారు ఆమెకే చెప్పారు. దిమ్మె మీద నా దిండు అలాగే ఉంది. లైటు తీసేశారు.

"ఫారం పక్కన పెట్టు," అంది అక్షిత ఎవరితోనో. "పెద్దాయనను అడుగు, ఇప్పటిదాంక ఎట్ల నడిచిందని."

ఆయన కుర్చీలో అటూ ఇటూ సర్దుకున్న చప్పుడు వినిపించింది. ఎవరూ తొందరపెట్టలేదు. తర్వాత చెప్పడం మొదలుపెట్టాడు.

ఆ రాత్రి తొమ్మిదో తరగతి మార్కులు ఎక్కించాను. అద్దాలతో అన్నీ కనిపిస్తున్నాయి. అయినా ఒక్కో అంకెనూ ముందు పైకి చదువుతున్నాను, తర్వాత రాస్తున్నాను.